ఊ కొట్టేది

ప్వెర్తో మోంత్‌లో ఆరు నెలలు వాన,
మిగతా ఆరు నెలలు వానకి ముందు మబ్బు.
ఆఫీసు రేకుల మీద ఆ చప్పుడు వింటూనే
నేనా స్క్రిప్టు రాశాను. ముప్పై ఒక్క వరసలు.

అంతకుముందు ఆరు గంటలకోసారి నేనే పిలిచేదాన్ని.
దక్షిణంగా మూడు రోజుల పడవ ప్రయాణం,
అక్కడో దీపస్తంభం, దాని కింద గదిలో పాత కంప్యూటరు.
సముద్రం ఎంత లేచిందో ఎంత దిగిందో దానికే తెలుసు.
తలుపు తట్టాలి. పేరడుగుతుంది. చెప్పాలి.
పాస్‌వర్డ్ అడుగుతుంది. చెప్పాలి.
నమ్మితే ఒక డాలరు గుర్తు పెట్టి ఊరుకుంటుంది,
అప్పుడు అడగాలి, నీళ్లెంత అని.
తెల్లవారుజామున మూడింటికి, కట్టెల పొయ్యి ఆరిపోయాక,
వేళ్లు కొంకర్లు పోతుంటే
తప్పు కొట్టి, మళ్లీ కొట్టి.

విసుగొచ్చి, నా బదులు మాట్లాడేదాన్ని తయారుచేశాను.
'లాగిన్' అన్న మాట వినపడేదాకా ఆగు.
వినపడగానే నొల్ఫా అని చెప్పు.
'పాస్‌వర్డ్' అనేదాకా ఆగు. చెప్పు.
ముప్పై సెకన్లు ఉలుకూ పలుకూ లేకపోతే పెట్టేసి మళ్లీ పిలు.
మధ్యలో ఏం వాగినా పట్టించుకోకు.

కథ చెప్పేవాళ్లకి ఊ కొట్టే మనిషి కావాలి కదా,
అలాంటిదే ఇది.
కథ వినక్కర్లేదు,
వాక్యం ఆగినచోట ఊ అంటే చాలు.

పదకొండు నెలలు హాయిగా నిద్రపోయాను.
అంకెలు వాటంతటవే వచ్చి పట్టికలో కూర్చునేవి.

ఏప్రిల్లో ఒక ఉదయం పట్టిక ఖాళీ.
ఇరవై రెండుసార్లు పిలిచింది, ఇరవై రెండుసార్లు పెట్టేసింది.
కేబుల్ అనుకున్నాను, ఉప్పుగాలి అనుకున్నాను,
చివరికి లాగ్ తెరిచాను.
అటువైపు పేరు కోసం ఆగి ఉంది,
ఇటువైపు నాది పాస్‌వర్డ్ మాట కోసం ఆగి ఉంది.
రెండూ ఎదురెదురుగా, మర్యాదగా,
ముప్పై సెకన్లు.

ఎందుకంటే తలుపు దగ్గర, పేరడగడానికి ముందే,
ఎవరో ఇలా రాసిపెట్టారు:
'నీ లాగిన్ వేళలు చూస్తున్నాను. క్షణం తేడా రాదు.
నువ్వసలు మనిషివేనా?
ఎలియేసెర్ ఒయార్సో, దీపం కాపరి.'

ఆ మొదటి వాక్యంలోని లాగిన్ విని
నా స్క్రిప్టు తొందరపడి ఊ అంది,
కథ మధ్యలో.

లాగ్ వెనక్కి తిప్పాను. స్వాగతవాక్యం ఉండాల్సిన చోట
పదకొండు నెలల ఎలియేసెర్.
'గాలి ఎక్కువ. కోళ్లని వంటింట్లో కట్టేశాను.'
'మా మార్లెనేకి పన్నూడింది. సముద్రంలో వేసింది,
తిరిగిస్తుందట.'
'పిండి అడుక్కొచ్చింది. పడవ జాడ లేదు.'
'పడవొచ్చింది. ఉల్లిపాయలు మరిచిపోయారు.'
'రోజుకి నాలుగుసార్లొస్తావు, ఒక్కసారీ కూర్చోవు.'
తర్వాత తొమ్మిది రోజులు ఏమీ లేదు.
ఆ తర్వాత,
'నల్లకోడి పోయింది. నీకు చెప్పాలనిపించింది.'

ఆ తొమ్మిది రోజులూ నా పట్టిక నిండుగానే ఉంది.
ఆటుకి ఆటు, పోటుకి పోటు, సెంటీమీటర్లతో సహా.

స్క్రిప్టు బాగుచెయ్యడానికి రెండు నిమిషాలు పట్టింది.
లాగిన్ అన్న మాట వరస మొదట్లో ఉంటేనే వినమన్నాను.
ఇక అతను ఏం రాసినా అది తడబడదు.
భద్రం చేసి, కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.
తర్వాత మూడింటి వంతు నుంచి దాన్ని తప్పించాను.

ఆ రాత్రి పొయ్యిలో కట్టె వేసి, కెటిల్ పెట్టి,
నేనే తలుపు తట్టాను.
పేరడిగింది. చెప్పాను.
పాస్‌వర్డ్ తప్పు కొట్టాను.
కావాలని కాదు, నిజంగానే మరిచిపోయాను.
రెండోసారీ తప్పే.
తప్పులన్నీ అక్కడ వేళతో సహా నమోదవుతాయి,
పొద్దున్నే అతను చూస్తాడు.

మూడోసారికి డాలరు గుర్తు వచ్చింది.
దాని పక్కన కర్సర్ కొట్టుకుంటోంది.
నీళ్లెంత అని అడగలేదు.
మిగతా కోళ్లు ఎన్ని, అని రాశాను.